మెరుపుకు రేటు, గ్రీజుకు బేరం

దిల్‌సుఖ్‌నగర్‌లో బేరమాడకుండా ఏ వస్తువు కొన్నా ఇంటికెళ్ళాక మనసు పీకుతూనే ఉంటుంది. ఫుట్‌పాత్ మీద దుప్పటికైనా, సాయిబాబా గుడి దగ్గర పూలకైనా చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టడం ఇక్కడి ఆచారం. ఆ బేరాలన్నీ సరదా బేరాలు. అసలు సిసలు బేరం చూడాలంటే మాత్రం సైకిల్ షాపు ముందు ఓ అరగంట నిలబడాలి.

అయితే ముందు షాపు దొరకాలి. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన మెయిన్ రోడ్డు మీదున్నవన్నీ బట్టల షోరూములు, బంగారు కొట్లు, కోచింగ్ సెంటర్లు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చాక ఈ రోడ్డు మీద అద్దె కట్టి పంక్చర్లు వేసేవాడు బతికి బట్టకట్టే పరిస్థితి లేదు. సైకిల్ పని ఎప్పుడో గల్లీల్లోకి జరిగింది. చైతన్యపురి లోపలో, కొత్తపేట వెనకో ఓ చిన్న మడిగె. గుమ్మానికి దండల్లా వేలాడే టైర్లు, పంక్చర్ చూసే నల్లనీళ్ళ టబ్బు, మూల కంప్రెసర్, బయట తలకిందులుగా నిలబెట్టిన సైకిలు. గోడకు అట్టముక్క మీద మార్కర్‌తో రాసిన మూడు పనులు: వాషింగ్, సర్వీసింగ్, ఓవరాయిలింగ్. వాటి ఎదుట రాసిన అంకెలు కొట్టేసి, పైన మళ్ళీ రాసి ఉంటాయి.

మా వైపు ఇలాంటి ఒక షాపులో విన్న సంభాషణ ఇది. కొడుకు గేర్ల సైకిలు తీసుకెళ్ళడానికి వచ్చాడు ఒకాయన.

"కడిగినందుకే వందా చాచా? నా స్కూటీకి కూడా వందే తీసుకుంటున్రు."

"స్కూటీకి గన్ను పెట్టి కొడితే అయిపాయె సార్. దీనికి గన్ను పెట్టొద్దు. ఫ్రీవీల్ పండ్ల నడుమ బ్రషు పోవాలె."

"సరే, మరి సర్వీసింగేంది మూడొందలు? ఏమన్నా సామాను ఏసినవా?"

"సామాను ఏం ఏయలే. అంతా ఇప్పి, గ్రీజు మార్చి, బిగించిన."

"గదే అంటున్న. సామాను లేకుండ మూడొందలా!"

బేరమంతా ఆ చివరి మాటలోనే ఉంది. అదే మనిషి నాలుగు వందలు పెట్టి టైరు వేయించుకుంటే కిమ్మనడు. టైరు కళ్ళకు కనిపిస్తుంది, దాని మీద ఎమ్మార్పీ అచ్చు వేసి ఉంటుంది, పాతది పక్కన పడి ఉంటుంది. చేతిపనికి ఎమ్మార్పీ లేదు. ఉన్నా దాన్ని ఎక్కడ అతికిస్తారు? పైగా ఐదారు వేల సైకిలుకు మూడు వందల సర్వీసింగ్ అంటే అసలు కన్నా కొసరు ఎక్కువైనట్టు అనిపిస్తుంది. కానీ షాపువాడి గంట, సైకిలు ఖరీదును బట్టి పొడుగూ పొట్టీ కాదు.

ఆ గంటలో ఏం జరుగుతుందో దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. మామూలు నల్ల సైకిలునే తీసుకోండి. చక్రం విప్పి, ఇరుసు మీది కోన్ వదులు చేయగానే బాల్సు జలజలా రేకు డబ్బాలో పడతాయి. వెనక చక్రానికి ఒక్కో వైపు 9, ముందు చక్రానికి 10, పెడళ్ళు తిరిగే బీబీలో 11. రెండు వైపులవీ లెక్కేస్తే అరవై. మడ్డిపట్టిన పాత గ్రీజంతా డీజిల్‌లో వదలగొట్టి, బట్ట మీద దొర్లించి, ఒక్కోదాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. గుంట పడ్డది కనిపిస్తే ఆ సెట్టు మొత్తం మార్చాలి. కొత్త బాల్సు పక్కన అరిగినవి ఉంటే బరువంతా కొత్తవాటి మీదే పడి అవీ త్వరగా పోతాయి. గిన్నెలో గ్రీజు నింపి, అందులో బాల్సు ఒక్కొక్కటే వేలితో అద్ది, కోన్ బిగించాలి. ఆ బిగింపులోనే పనితనమంతా. కాస్త ఎక్కువైతే చక్రం పట్టేస్తుంది, తక్కువైతే ఊగుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి చాచా దగ్గర మిషనేమీ లేదు. చక్రాన్ని గాల్లో వదిలేస్తాడు. ట్యూబు వాల్వు బరువుకే చక్రం దానంతటది మెల్లగా తిరిగి, వాల్వు కిందికొచ్చి, రెండుసార్లు అటూ ఇటూ ఊగి ఆగితే లెక్క సరిపోయినట్టు. లేకపోతే మళ్ళీ స్పానర్ పట్టుకుంటాడు.

ఈ బాల్సు కథ చిన్నదేం కాదు. సైకిలు ఇరుసులో వాడేందుకు వీటికి పారిస్‌లో జూల్ సురీరే అనే మెకానిక్ 1869లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఏడు నవంబరులో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పందెంలో జేమ్స్ మూర్ అలాంటి బేరింగుల సైకిలు తొక్కే గెలిచాడంటారు. నూట యాభై ఏళ్ళు దాటినా మన గల్లీ సైకిల్లో కిటుకు అదే. దాని శత్రువులు కూడా మారలేదు: దుమ్ము, నీళ్ళు.

అందుకే నాకు వాషింగ్ సంగతి తమాషాగా ఉంటుంది. మనం పెద్దగా గొడవ లేకుండా డబ్బిచ్చేది నీళ్ళు కొట్టి తళతళలాడించినందుకు. బైకులు కడిగే గన్నుతో హబ్బు మీద సూటిగా కొడితే ఆ నీళ్ళు కోన్ పక్కనుంచి లోపలికి దూరి గ్రీజును చెడగొడతాయి. మెరిసే సైకిలు ఇంటికొస్తుంది, నెల తిరక్కుండా కరకరమంటుంది. తెలిసిన మెకానిక్ బకెట్టు, సబ్బు, పాత టూత్ బ్రష్షు పట్టుకుంటాడు. చెయిన్ తుడిచి, ఆరాక ఆయిల్ వేసి, పైకి కారింది మళ్ళీ తుడిచేస్తాడు. అదీగాక ఇటువైపు నల్లాల్లో వచ్చేది వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి సాహెబ్‌నగర్ చేరే కృష్ణా నీళ్ళు. తడిగుడ్డతో పోయే దుమ్ముకు అంత దూరపు నీళ్ళను పారబోయడం ఏం న్యాయం?

లోపలికి నీళ్ళు పోతే ఏమవుతుందో మా ప్రాంతానికి 2020 అక్టోబరు వానలే చూపించాయి. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాం నగర్ లాంటి కాలనీలు మునిగినప్పుడు సెల్లార్లలోని వాహనాలన్నీ నీట నానాయి. కార్లకు, బైకులకు ఇన్సూరెన్స్ ఉంది. సైకిలుకు ఏముంది? ఎండబెట్టి, బయట తుప్పు రుద్ది తొక్కినవాళ్ళు లోపలి తుప్పును కూడా తొక్కుతూ పోతారు. వెంటనే విప్పించి గ్రీజు మార్పిస్తే అదే సైకిలు బతుకుతుంది.

ఒకప్పుడు సర్వీసింగ్ ఇంత ఖరీదు అనిపించేది కాదు, నిజమే. దానికో కారణముంది. అప్పుడు ఈ మడిగె సైకిల్ ట్యాక్సీ. గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చేవాడే రిపేర్లూ చేసేవాడు. మడిగె కిరాయి అద్దె సైకిళ్ళ మీద వెళ్ళేది, రిపేరు మీద వచ్చింది చేతిఖర్చు. పేపర్లు వేసేవాళ్ళు, పాలు పోసేవాళ్ళు, ఆఫీసు గుమస్తాలు అందరిదీ సైకిలే. 2011 జనాభా లెక్కల్లో కూడా దేశంలో వంద ఇళ్ళకు సుమారు 45 ఇళ్ళలో సైకిలుంది. ఇప్పుడు అద్దె సైకిళ్ళు పోయాయి. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే, పని ఆపేసింది. ఇప్పుడు షాపుకొచ్చేవి ఎక్కువగా పిల్లల సైకిళ్ళు. పిల్లాడు పొడుగైతే అవీ మూలపడతాయి. మడిగెవాడికి మిగిలిన ఆదాయం లేబర్ ఒక్కటే. మనం బేరమాడేదీ సరిగ్గా దాని మీదే.

ప్రభుత్వాలకూ ఈ లేబర్ కనిపించడం కష్టమే. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే. కొనడం తేలికైంది. బాగుచేయించుకోవడాన్ని తేలిక చేద్దామని స్వీడన్ 2017లో సైకిల్ రిపేర్ల మీద పన్నును 25 నుంచి 12 శాతానికి తగ్గించింది. కొన్నేళ్ళకు వాళ్ళూ మనసు మార్చుకుని మళ్ళీ పెంచారు. మన నగరానికి ఆ చివర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. ఈ చివర ట్రాక్ లేదు, దుమ్ము మాత్రం పుష్కలం. ఆ లెక్కన గ్రీజు అవసరం మనకే ఎక్కువ.

బేరమాడేవాళ్ళది పూర్తిగా తప్పనను. చెయిన్ మీద రెండు చుక్కలు ఆయిల్ పోసి, మడ్‌గార్డు తుడిచి సర్వీసింగ్ అనేవాళ్ళూ ఉన్నారు. పని లోపల దాగి ఉన్నప్పుడు అనుమానం పుట్టడం సహజం. దానికి మందు రేటు తగ్గించమనడం కాదు, పని చూపించమనడం. హబ్బు విప్పుతారా, బీబీ కూడానా, రిమ్ము బెండు తీస్తారా అని ముందే అడగండి. తీసిన బాల్సు మూతలో పెట్టి చూపించమనండి. పని చేసినవాడు చూపించడానికి వెనకాడడు. పాత బాల్సు మూత ముందుకు జరిపాక మన స్కూటీ సారు కూడా మూడొందలూ ఇచ్చాడు. కడిగిన వందలో మాత్రం ఇరవై తగ్గించుకునే వెళ్ళాడు.

ఆ ఇరవై దగ్గర నాకూ అభ్యంతరం లేదు. బేరం లేనిదే నిద్ర పట్టదనుకుంటే వాషింగ్ మీద ఆడుకోండి, వీలైతే అది మానేసి ఆ డబ్బు కూడా మిగుల్చుకోండి. తడిగుడ్డ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కోన్ స్పానర్ ఉండదు.