నలభై కంప్యూటర్లు, ఒకే ఇమేజ్: కోడింగ్ రాకపోయినా దొరికిన పని

"అన్నా, కోడింగ్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఐటీలో మనకేం పని దొరుకుద్ది?" అని అడుగుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

నాది పాడేరు ఏజెన్సీ. ఆశ్రమ పాఠశాల చదువు, తర్వాత మామూలు డిగ్రీ. విశాఖలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద డెస్క్‌టాప్ సపోర్టులో చేరాను. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని తెలిశాక 40 కంప్యూటర్లను విండోస్ 11కి మార్చాల్సి వచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్కొక్కటీ చేస్తే డ్రైవర్లు, ప్రింటర్లతో కలిపి ఒక్కోదానికి పూట పడుతుంది. బయటి కంపెనీకి ఇచ్చేద్దాం అన్నారు. ఇస్తే మా కాంట్రాక్టు అక్కడితో సరి. "శని, ఆదివారాలు ఇవ్వండి సార్, నెట్‌వర్క్ మీద నేను చేస్తా" అన్నాను. "నువ్వా?" అన్నారు. ఆ "నువ్వా" మనకి కొత్త కాదు కదా!

పని ఎలా జరుగుతుందంటే, ముందు ఒక్క కంప్యూటర్‌ని శుభ్రంగా తయారు చేయాలి. విండోస్, ఆఫీసు సాఫ్ట్‌వేర్, అప్‌డేట్లు అన్నీ పెట్టాక సిస్‌ప్రెప్ అనే టూల్ నడిపితే ఆ కంప్యూటర్ సొంత గుర్తులు పోతాయి. అప్పుడు డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా సర్వర్‌లోకి తీసుకుంటాం. నేను వాడింది ఫాగ్, లైనక్స్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్. (విండోస్ ఇలా కాపీ చేయడానికి ఆఫీసుకి వాల్యూమ్ లైసెన్స్ ఉండాలి. ముందు అది అడగండి.)

ఇక మిగతా కంప్యూటర్లు. వాటిని డిస్క్ నుంచి కాకుండా నెట్‌వర్క్ నుంచి బూట్ చేయిస్తాం, దీన్నే పీఎక్స్‌ఈ అంటారు. ఆన్ కాగానే అది "నాకు అడ్రస్ ఎవరిస్తారు?" అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా అడుగుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఐపీ అడ్రస్ ఇచ్చి, బూట్ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. టీఎఫ్‌టీపీతో ఆ చిన్న ఫైలు తెచ్చుకుని, తర్వాత ఇమేజ్ రాసుకోవడం మొదలుపెడుతుంది. ఇంతే. ఒకే నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీలు పెట్టారంటే మాత్రం ఆఫీసంతా గందరగోళమే. అందుకే నేను వేరే స్విచ్ మీద పెట్టుకున్నా. ఫాగ్ కోసం సెక్యూర్ బూట్ ఆపి, పని అయ్యాక మళ్ళీ ఆన్ చేశాను.

నాకు బాగా నచ్చింది మల్టీకాస్ట్. 20 జీబీ ఇమేజ్‌ని 40 కంప్యూటర్లకి విడివిడిగా పంపితే 800 జీబీ. అది ఇంటింటికీ వెళ్ళి కబురు చెప్పడం లాంటిది. మల్టీకాస్ట్ అంటే దండోరా: ఒక్కసారి వేస్తే అందరూ వింటారు. చిక్కేమిటంటే, అందరిలో నిదానంగా రాసుకునే మెషీన్ కోసం మిగతావన్నీ ఆగాలి. అకౌంట్స్‌లో పాత హార్డ్‌డిస్క్ ఉన్నదొకటి మొత్తం బ్యాచ్‌ని ఈడ్చింది. దాన్ని పక్కన పెట్టి విడిగా చేశాను.

ఆదివారం సాయంత్రానికి 40 పూర్తయ్యాయి. సోమవారం సార్ ఏమీ అనలేదు, టీ మాత్రం తెప్పించారు. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు, జీతం పెంచలేదు. ఇప్పుడు దాని మీద గొడవ పడుతున్నా.

నేర్చుకోవాలనుకుంటే రెండు పాత కంప్యూటర్లు, ఒక చిన్న స్విచ్ చాలు. ఎక్కడ ఆగిపోయినా స్క్రీన్ ఫొటో తీసి పెట్టండి. ప్రశ్న తెలుగులోనే అడగండి, ఫర్వాలేదు.