నల్లమల దారిలో నా మడమలు

శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లు చాలామంది ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో అడవి దారి పడతారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం... కిందటేడు మా బావా నేనూ బయల్దేరాం. నేను చేసిన తెలివితక్కువ పని కొత్త బూట్లు వేసుకోవడం.

నాగలూటి చేరేసరికి రెండు మడమలకీ బొబ్బలు! రాపిడి, వేడి, చెమటకి తడిసిన సాక్సులు... ఇవి కలిస్తే పైతోలు విడిపోయి లోపల నీరు చేరుతుంది. కుడి మడమది చిట్లింది. వేలాడుతున్న తోలంతా పీకేశాను. ఇక అక్కణ్ణుంచి అడుగడుగునా కారం పూసినట్టే.

పెచ్చెరువులో నడిచొచ్చినవాళ్ల కాళ్లకు కట్లు కడుతున్న కుర్రాడు అది చూసి, "తోలు పీకితే ఎట్లన్నా? పుండుకు అదే గదా కప్పు!" అన్నాడు. ఎడమ మడమను సబ్బుతో కడిగాడు. స్పిరిట్‌తో తుడిచిన సూదితో బొబ్బ అంచున గుచ్చి, నీరు మెల్లగా నొక్కి తీశాడు. తోలు అలాగే ఉంచి, ఆయింట్‌మెంట్ రాసి కట్టు కట్టాడు. నొప్పి లేని చిన్న బొబ్బల జోలికి అసలు పోవద్దట.

బావ కాలికీ ఒకటుంది. "నాకేం నొప్పి లేదురా" అంటాడు. ఆయనకి షుగర్. ఆ మాట వినగానే కుర్రాడు సూది పక్కన పెట్టేశాడు. షుగర్‌తో పాదాలు మొద్దుబారితే పుండు ముదిరినా తెలియదు, డాక్టరుకి చూపించాల్సిందే అన్నాడు. బావ అలిగాడు. అయినా ఎవరిదో జీపెక్కి వెనక్కి వెళ్లాడు.

కైలాస ద్వారం మెట్లు ఒక్కణ్ణే ఎక్కాను, కుంటుకుంటూ.

ఎడమ మడమ వారంలో మానింది. పీకిన కుడిదానికి పదిహేను రోజులు పట్టింది. బావ ఈసారి కొన్న బూట్లు సంక్రాంతి నుంచే ఇంట్లో తొడుక్కుని తిరుగుతున్నాడు.