పడనిదేదో తేల్చు గది

ఫాల్గుణమాసమున అమరావతినుండి గుంటూరునకు పోవు దారిలో, నల్లరేగడి చేలయందు పత్తికట్టెలు నిలువునా ఎండి, కల్లములలో ఆరబోసిన మిరపకాయలు చూపుమేర ఎఱ్ఱగా పఱచుకొనియుండగా, లాం పరిశోధనాక్షేత్రము దాటి నేను మిర్చి యార్డునకు చేరునప్పటికి ప్రొద్దు బాగుగ ఎక్కియుండెను. లాంలోనే రూపొందిన 334 రకము ఒకవైపు, తేజ యొకవైపు, తాలుకాయలు వేఱొకవైపు టిక్కీలకు టిక్కీలుగా పేర్చబడియుండగా, కమీషన్ వ్యాపారులు సంచి కోసి మచ్చు తీసి అరచేత పరీక్షించుచుండిరి. లోన అడుగిడినంతనే గొంతు మండి, ఊపిరాడక దగ్గితిని. ప్రక్కనున్న హమాలీ నవ్వి, "కొత్తోళ్లకి అంతేనండీ, రెండ్రోజులుంటే అలవాటైపోద్ది" అనెను.

ఆ మాట అనుభవమునుండి వచ్చినదే యైనను శాస్త్రము దానిని కాదనదు. మిరపలోని క్యాప్సైసిన్, నరముల కొనలయందు వేడిని పసిగట్టు గ్రాహకమునే నేరుగా తట్టునని 1997లో అమెరికాయందు డేవిడ్ జూలియస్ బృందము నిరూపించినది. 2021లో ఆయనను నోబెల్ బహుమానము వరించినది. ఆ తాకిడికి దగ్గనివారు అరుదు. మాటిమాటికి తగిలినచో నరము మొద్దుబాఱును. ఎలర్జీ నడక ఇందుకు విపరీతము: తొలి పరిచయమున పైకేమియు కనబఱచక, లోలోపల ఐజీఈ అను ప్రతిరక్షకమును సిద్ధపఱచుకొని, పిమ్మటి పరిచయమున విజృంభించును, అదియు అందఱియందు గాక కొందఱియందే.

ఈ భేదమును కన్నులార చూడగోరి, నగరములోనే యొక ఎలర్జీ వైద్యుని పరీక్షాగదికి పోయితిని. కోల్డు స్టోరేజీలో తొడిమలు తీయు కూలిపని చేసికొను ఒకామె అప్పటికే బల్లపై చేయి చాచి కూర్చుండియుండెను. "మిరపకాయ నాకు పడట్లేదండి డాక్టరుగారూ, రాత్రిళ్లు ఒకటే పిల్లికూతలు" అని ఆమె వాపోగా, ఆయన "చూద్దామమ్మా, అప్పుడే మిరపకాయ మీద నేరం మోపొద్దు" అని, ముంజేతి లోపలివైపు కలముతో గుర్తులు పెట్టి, ఒక్కొక్క గుర్తుకడ ఒక్కొక్క సారపు బొట్టు వేసి, చిన్నసూదితో నెత్తురు రాకుండ చర్మమును గ్రుచ్చెను. ఒక చుక్క హిస్టమిన్, ఒక చుక్క ఉప్పునీరు. ఈ రెండును పరీక్షకు సాక్షులు. పావుగంటకు హిస్టమిన్ కడ దద్దురు లేచెను. ఉప్పునీటి కడ ఏమియు లేదు. మిరప కడను ఏమియు లేదు. ఇంటిదుమ్ములోని సూక్ష్మపు పురుగు సారముకడ మాత్రము తెల్లని దద్దురు ఉబ్బి, చుట్టును ఎఱుపు పాకెను. రొయ్యల సారముకడ అంతకంటె చిన్నది మఱొకటి. "రొయ్యలా? మొన్న ఆదివారమే తిన్నానండి, ఏం కాలేదే!" అని ఆమె విస్తుపోయెను.

వైద్యుడు చెప్పిన సమాధానమిది: రొయ్యకును, బొద్దింకకును, దుమ్ముపురుగునకును కండరములలో ట్రోపోమయోసిన్ అను ప్రోటీను ఇంచుమించు ఒకే పోలికతో ఉండును గనుక, ఒకదానికై పుట్టిన ప్రతిరక్షకము మఱొకదానిని పట్టుకొనవచ్చును. చర్మముపై దద్దురు ఆ పట్టునకు గుర్తేగాని వ్యాధికి తీర్పు గాదు.

పోలికయున్నచోట పట్టు దొరకుట సులభముగనే బోధపడును; పోలిక యేమాత్రము లేనిచోటను ఒకే ప్రతిరక్షకము పట్టు సంపాదించుటయే వింత. తాళమునకు చెవి వలె ప్రతిరక్షకమునకు ఒకే ఆకారము, ఒకే లక్ష్యమని చిరకాలము తలచిరి. 2003లో లియో జేమ్స్, పియెత్రో రోవెర్సి, డాన్ తాఫిక్ అను మువ్వురు సైన్స్ పత్రికయందు ప్రకటించిన పరిశోధన ఆ తలంపును సడలించెను. డైనైట్రోఫినైల్ అను చిన్న రసాయన సమూహమునకు ఎదురుగా ఎలుకయందు పుట్టించిన ఎస్‌పీఈ-7 అను ఐజీఈని స్ఫటికముగా చేసి ఎక్స్-కిరణములతో చూడగా, ఏ యణువును తాకకమునుపే అది రెండు రూపములయందు ఉండుచున్నట్లు తేలెను. ఒక రూపముగుండ దాని కొన లోతైన ఇఱుకు గుంటయై చిన్నయణువులను ఇముడ్చుకొనును. వేఱొక రూపముగుండ చదునుగా పఱచుకొని, పెద్ద ప్రోటీనును ఆనుకొనును. మచిలీపట్నపు కలంకారీకి ఎఱుపునిచ్చిన చిరివేరులోని అలిజరిన్‌కు దగ్గఱి చుట్టమగు అలిజరిన్ రెడ్‌ను, మన తీరపు రొయ్యల చెరువులలో వాడరాదని నిషేధింపబడిన ఫ్యూరజోలిడోన్ మందును సైతము అది పట్టినది. అట్లని దొరకినదెల్ల పట్టునది కాదు. తన పుట్టువునకు కారణమైన అణువుతోడి బిగి ఇతరములతో ఉండదు. ఇట్టి బహురూపత్వము ఎలర్జీకి దారితీయవచ్చునన్నది శాస్త్రజ్ఞుల ఊహ.

ఇంతటి చాంచల్యము దేహమునకేల? 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాయందు వేఱుపఱచిన ఈ ఐజీఈ, కడుపుపురుగులును బోదపురుగులును దేహమున చేరినప్పుడు మిక్కిలిగ పెరుగును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలయందు వెలువడిన హెట్రజాన్, బోదపురుగునకేగాక, ఆ పురుగుమూలమున ఐజీఈ పెచ్చుపెరిగి దగ్గు, ఆయాసము రేపు ఉష్ణదేశపు ఇసినోఫిలియాకును మందైనది. లెక్కకు లోబడిన ప్రతిరక్షకములతో లెక్కలేని శత్రువుల నెదుర్కొనవలసిన దేహమునకు, ఒక్కొక్కటి పలురూపములు దాల్చుట లాభమే. అప్పుడప్పుడు అమాయకపు వస్తువును శత్రువుగ పట్టుకొనుట ఆ లాభమునకు చెల్లించు సుంకమని నాకు తోచినది.

ఆ సుంకమును తగ్గించుటకు యంత్రముకంటె రోగి మాటయే వైద్యునకు ఎక్కువ పనికివచ్చెను. ఎప్పుడు ఆయాసము వచ్చును, పండుకొనునది దేనిపై, పని మానిన దినమున ఎట్లుండునని అడిగి తెలిసికొని, పాత బొంత తీసివేయుమనియు, దుప్పట్లు వారమున కొకసారి వేడినీట ఉతుకుమనియు, మిరప ధూళి ఎలర్జీ కాకున్నను ఉబ్బసమును రేపునుగాన పనిలో మూతికి గుడ్డ కట్టుకొనుమనియు చెప్పి, పీల్చుమందు వ్రాసియిచ్చెను. "మరి రొయ్యలో?" అని ఆమె అడుగగా, "ఇన్నాళ్లూ పడ్డవేగా, తినమ్మా" అని ఆయన తరువాతి చీటీ పిలిచెను.