ఓమియా గ్రామములో ఒక కొమ్మ విచారము

టోక్యోనగరమునకు ఉత్తరముగా, సైతామా పట్టణమున, ఓమియా బోన్సాయి గ్రామమను పేట యొకటి కలదు. బోన్సాయి యనగా తొట్టిలో పెంచిన మరుగుజ్జు చెట్టు. 1923వ సంవత్సరపు మహాభూకంపమునకు పిమ్మట టోక్యోనుండి ఈ చెట్ల పెంపకందారులు కొందఱు మంచి మన్ను, నీరు, గాలి వెదకికొనుచు వచ్చి, 1925లో దీనిని నెలకొల్పిరి. ఇచట కాపురముండగోరువారు 10 చెట్లకు తక్కువ కాకుండ పెంచవలెననియు, మేడలు కట్టరాదనియు, గోడలకు మాఱుగా పచ్చని కంచె నాటవలెననియు ఆనాడు కట్టుబాటు చేసికొనిరి. పది చెట్లను సారెగా తెచ్చుకొని కాపురమునకు వచ్చు ఊరన్నమాట!

మేము పోయినది ఊరక వేడుక చూచుటకు కాదు. టోక్యోలో కొలువున్న మా తమ్ముని యింట అయిదాఱేండ్ల నల్ల పైన్ మొక్క కలదు. మన కావ్యములలో హిమగిరిమీద కనిపించు సరళవృక్షమునకు ఇది జ్ఞాతి. దాని కాండమున ఒకే యెత్తున ఇరువైపుల రెండు కొమ్మలు కావడివలె సాగినవి. అట్లే విడిచిన చూపునకు బాగుండదు. పైగా అచట కాండము బుడిపెవలె ఉబ్బును. ఒకటి పోవలెను. ఏది? చెట్టును నిటారుగా నిలుపుదమని తమ్ముడు. కుడికి ఒరగనిమ్మని మరదలు. ఎవరి మాట నెగ్గునో దానినిబట్టి పోవు కొమ్మ వేఱు.

సోదరీమణులారా, ఒక కొమ్మకై ఇంత విచారమేల యందురేమో. మన పెరటి మందారమును మోటుగా నఱికినను చిగిర్చును. పైన్ స్వభావ మట్టిది కాదు. పచ్చని సూదియాకు ఒక్కటియు మిగులకుండ కోసిన కొమ్మ సామాన్యముగా మరల చిగుర్పదు, ఎండిపోవును.

2010లో తెఱచిన అచటి బోన్సాయి ప్రదర్శనశాలలో చాలసేపు నిలిచితిమి. చెట్టును చూచునప్పుడు వేళ్లు నేలను పట్టిన తీరు ముందు, కాండము లేచిన పోకడ ఆపైని. కొమ్మలు తరువాతి మాట. సరళమనగా తిన్ననిదని యర్థము గదా, ఇచటి సరళములలో వంకలు తిరిగినవే మా కంటికి ఎక్కువగా తగిలినవి. ఒరిగిన చెట్లకు ఎదుటి దిక్కున వేళ్లు బిగియలాగిన త్రాళ్లవలె నేలను పట్టియున్నవి. అవి లేనిచో చెట్టు పడిపోవుచున్నట్లే తోచును.

ఇల్లు చేరి మొక్క మొదట మన్ను కొంచెము తొలగించి చూచితిమి. ఎడమవైపు వేళ్లు రెండు లావుగా నున్నవి, కుడివైపు సన్ననివే. మరదలు కుడికొమ్మపై తన చేతిరుమాలు కప్పి, దూరముగా నిలిచి చూడుమనెను. చెట్టు ఒరిగియు నిలద్రొక్కుకొన్నట్లు కనబడెను. ఎడమకొమ్మ దానికి తూకము. మావారు తలయూచిరి. "నిటారు చెట్టు వేఱొకటి కొనుక్కొందునులే" యని తమ్ముడు లోపలికి పోయెను.

కోత చలికాలమున, చెట్టులో రసప్రసారము మందగించినప్పుడు. వచ్చు వసంతమున వత్తులవలె లేచు చిగుళ్లను త్రుంపక విడుతురు. ఆకులు పొట్టిగా రావలెనని వేసవి మొదట వానిని త్రుంపుట బలసిన చెట్లకు చేయు పని. పోవలసిన కొమ్మకు మరదలు ఎఱ్ఱదారము కట్టి, కత్తెరను తన కుట్టుపెట్టెలో దాచినది.