రెండో దారి

ఈసీఈ చదివేవాళ్లకు ఇంట్లో ఒక అదనపు ఉద్యోగం ఉంటుంది. టీవీలో బొమ్మ రాకపోయినా, ఫోన్‌లో మెమరీ నిండినా, ఆఖరికి మిక్సీ తిరగకపోయినా మనల్నే పిలుస్తారు. "ఇంజనీరింగ్ చదువుతున్నవు గదా" అన్న మాటకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు కనిపెట్టలేదు. ఈ సెలవుల్లో నాకు అప్పజెప్పిన పని మాత్రం మిక్సీ కంటే పెద్దది. జనగామలో మా కొత్తింటికి ఏ నెట్ పెట్టించాలో తేల్చడం.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. బాపు సింగరేణిలో, భూపాలపల్లి కేటీకే గనిలో పనిచేస్తాడు. ఈ నెలాఖరుకు రిటైర్మెంట్. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. అమ్మ పుట్టిల్లు మహబూబాబాద్. బాపు సొంతూరు జనగామ పక్కన. ఎప్పుడో కొన్న జాగలో రెండు గదులు, ఒక హాలు వేసుకున్నాడు. 2016 అక్టోబర్ 11 దసరా నాడు కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడూ వరంగల్ జిల్లానే. ఇప్పుడు మా చుట్టరికం మూడు జిల్లాల్లో ఉంది, మూడింట్లో నెట్ కష్టాలు మూడు రకాలు.

అసలు తొందర అక్క వల్ల వచ్చింది. అక్క హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తుంది. కాన్పుకు పుట్టింటికి వచ్చింది, పాపకు ఐదు నెలలు. కంపెనీ ఇంటి నుంచి పనికి ఒప్పుకుంది కానీ షరతులు పెట్టింది. వైరు లైనే ఉండాలి. 50 ఎంబీపీఎస్‌కు తగ్గొద్దు. ఇల్లు మారితే కొత్త అడ్రస్ నుంచి స్పీడ్ టెస్ట్ తీసి పంపాలి. లైన్ పోయి నెలలో రెండు షిఫ్టులు దెబ్బతింటే ఆఫీసుకు రావాల్సిందే. ఆఫీసుకు వెళ్తే పాపను ఎవరు చూస్తారు? బావది కూడా షిఫ్ట్ డ్యూటీ. నాయనమ్మ మంచం మీద ఉంది కాబట్టి అమ్మ కదలలేదు. అంటే నేను ఎంచేది నెట్ కనెక్షన్ ఒక్కటే కాదు, అక్క ఉద్యోగం చేయాలా మానేయాలా అన్నది కూడా దాని మీదే ఆధారపడి ఉంది. అక్క పైకి ఏమీ అనలేదు. "జర చూడురా" అంది, అంతే.

మొదట వెబ్‌సైట్లు చూశాను. అన్నీ పిన్‌కోడ్ అడుగుతాయి. మా మూడు ఊళ్ల పిన్‌కోడ్‌లూ 506తోనే మొదలవుతాయి. కొడితే "మీ ప్రాంతంలో సేవలు అందుబాటులో ఉన్నాయి" అని పచ్చ టిక్కు వస్తుంది. కానీ ఒక పిన్‌కోడ్ కింద పట్నమూ ఉంటుంది, చుట్టూ ఊళ్లూ ఉంటాయి. పట్నంలో లైన్ ఉందంటే మా గల్లీలో ఉన్నట్టు కాదు. పంచాయతీలకు ఫైబర్ వేసే పథకాన్ని కేంద్రం 2011లోనే ఒప్పుకుంది, ఆ తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ వైరు కూడా వేశారు. మంచి ఆలోచనే. కానీ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చుడు వేరు, మన ఇంటి గోడ దాకా వచ్చుడు వేరు. కష్టమంతా ఆ చివరి ముక్కలోనే ఉంటుంది.

అందుకని బస్సెక్కి జనగామ పోయాను. కొత్తింటి గల్లీలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, స్తంభాల మీద ఎన్ని పెట్టెలు ఉన్నాయో లెక్కపెట్టాను. రెండు కంపెనీల పెట్టెలు కనిపించాయి. ఒకటి మా ఇంటికి రెండు స్తంభాల దూరం, ఇంకోటి గల్లీ మూలమలుపు దగ్గర. తర్వాత ఆరిళ్ల తలుపులు కొట్టి ఒక్కటే ప్రశ్న అడిగాను: "పోయినసారి లైన్ పోయినప్పుడు ఎన్ని రోజులకు వచ్చింది?" స్పీడ్ ఎంత అని అడిగితే అందరూ ప్లాన్ మీద ఉన్న అంకె చెప్తారు. రిపేరుకు ఎన్ని రోజులు పట్టిందని అడిగితే అసలు కథ బయటికొస్తుంది. దగ్గరి పెట్టె లోకల్ కేబుల్ ఆపరేటర్‌ది. ఆయన లైన్‌మన్ అదే గల్లీలో ఉంటాడట. మూలమలుపు కంపెనీకి పేరు పెద్దదే కానీ, కంప్లయింట్ ఫోన్‌లో ఇస్తే మనిషి వేరే ఊరి నుంచి రావాలి.

క్లాసులో చదివింది ఇక్కడ పనికొచ్చింది. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక పోగు మీద 2.488 జీబీపీఎస్ దిగుతుంది. మధ్యలో స్ప్లిటర్ పెట్టి దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. 32 ఇళ్లూ ఒకేసారి పూర్తిగా వాడితే ఒక్కొక్కరికి సుమారు 78 ఎంబీపీఎస్ వస్తుంది. 100 అని అమ్మగలుగుతున్నారంటే అందరూ ఒకేసారి వాడరన్న నమ్మకంతోనే. కాబట్టి అడగాల్సింది "ఈ పోగు మీద ఎన్ని ఇళ్లున్నయ్?" అని. లైన్‌మన్ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, పద్నాలుగు అన్నాడు. పక్కింట్లో పవర్ మీటర్ పెట్టి చూపించమన్నాను, మైనస్ 21 చూపించింది. మైనస్ 27కు దగ్గరపడితే లైన్ ఊగిసలాడటం మొదలవుతుంది. కొంచెం మిగులు ఉందని అర్థమైంది.

ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఎనిమిది బిట్లు ఒక బైట్. 100 ఎంబీపీఎస్ లైన్‌లో సినిమా డౌన్‌లోడ్ సెకనుకు 12.5 మెగాబైట్ల కంటే వేగంగా దిగదు. ఇది అమ్మకు చెప్తే "సేరుకూ కిలోకూ ఉన్న తేడా లెక్క" అంది. నా కంటే తను బాగా చెప్పింది.

తర్వాత డబ్బు లెక్క. ప్రకటనలో 399 అని ఉంటే దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, కట్టేది 471. 699 అయితే 825. ఆ 399 ప్లాన్లలో ఎక్కువగా 30 ఎంబీపీఎస్ ఇస్తారు, అది అక్క షరతుకు చాలదు. మాకు 100 కావాలి. తేడా నెలకు 354, ఏడాదికి 4,248. పెన్షన్ మీద బతకబోయే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. లోకల్ ఆపరేటర్ 100 ఎంబీపీఎస్‌కు 600 చెప్పాడు, జీఎస్టీతో 708.

డేటా పరిమితి గురించి బాపు భయపడ్డాడు. కాగితం మీద వేసి చూపించాను. అక్క పని గంటకు ఒక జీబీ అనుకున్నా, రోజుకు ఎనిమిది గంటలు, 26 రోజులకు 208 జీబీ. టీవీ హెచ్‌డీలో గంటకు 3 జీబీ చొప్పున రోజుకు నాలుగు గంటలు చూస్తే నెలకు 360. నాలుగు ఫోన్లు రోజుకు రెండేసి జీబీ, 240. మొత్తం 808. చాలా ప్లాన్లలో పరిమితి 3,300 జీబీ ఉంటుంది. "అయితే అన్‌లిమిటెడ్ అని ఎందుకు రాస్తరు?" అన్నాడు బాపు. ఆ ప్రశ్నను మాత్రం సిలబస్‌లో లేదని వదిలేశాను.

మహబూబాబాద్ మామయ్య ఫోన్‌లో గట్టిగా చెప్పింది ఒక్కటే: "ఏడాది పైసలు ముంగటనే కట్టకు." రెండు నెలలు ఫ్రీ అంటే ఆయన పన్నెండు నెలలకు ఒకేసారి కట్టాడు. నాలుగో నెలలో ఆ కంపెనీ తరఫున ఊళ్లో చూసుకునేవాడు దుకాణం మూసేశాడు. కోతులు వైరు తెంపితే కలపడానికి మనిషి లేడు. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు చేసినా "మీ కాల్ మాకు ముఖ్యమైనది" అన్న పాటే. మొబైల్ నంబర్ అయితే అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారిపోవచ్చు. నెట్ లైన్‌కు ఆ సౌకర్యం లేదు. పెట్టె, రూటర్, ఒక్కోసారి వైరుతో సహా అన్నీ మళ్లీ మొదలు. అందుకే నెలనెలా కట్టే ప్లాన్, లేదంటే మూడు నెలలది. ఫ్రీ నెలలు పోయినా సరే.

వైరు లేకుండా 5జీ టవర్ నుంచి డాబా మీది డబ్బాకు నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ ఇంకో దారి. అది 2023లో మన దేశంలో మొదలైంది. స్తంభాలు లేవు, కోతుల భయం తక్కువ. కానీ టవర్ దూరాన్ని బట్టి, ఆ టవర్ మీద ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి సాయంత్రానికి స్పీడ్ మారుతుంది. పైగా అక్క కంపెనీ వైరు లైనే అంటోంది. పక్కన పెట్టాను.

ఇన్ని లెక్కలతో ఒక తెల్ల కాగితం నింపి భూపాలపల్లి వచ్చి బాపు ముందు పెట్టాను. చదివాడు. కళ్లద్దాలు తీసి అడిగాడు, "కరెంటు పోతే?"

రూటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెడదామన్నాను. రెండు వేల లోపు దొరుకుతుంది, రెండు మూడు గంటలు ఆగుతుంది. మధ్యలో స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, అది ఉత్త గాజు. ఆపరేటర్ గదిలో బ్యాటరీ ఉంటే చాలు.

"మంచిదే. జేసీబీ తవ్వితే?"

ఇక్కడ మా కాలనీలో అదే జరిగింది. రోడ్డు పనుల్లో కేబుల్ తెగి మూడు రోజులు నెట్ లేదు. ఆ మూడు రోజులూ అక్క ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుని కిటికీ దగ్గరే కూర్చుంది. అయితే ఇంకో కంపెనీ లైన్ కూడా పెట్టిద్దామా అన్నాను.

బాపు తల అడ్డంగా ఊపాడు. "గనికి రెండు దారులు ఉండాలెరా. అది కానూను. ఒకటి కూలితే ఇంకో దాంట్లకెళ్లి మనుషులు బయటికి రావాలె. కని ఆ రెండూ పక్కపక్కనే ఉంటే లాభమేంది? కూలినప్పుడు రెండూ కూలుతయ్. నీ రెండు వైర్లూ ఒకటే స్తంభం మీదికెళ్లి పోతున్నయా?"

పోతున్నాయి. మూలమలుపు పెట్టె నుంచి వచ్చే వైరు కూడా ఆ స్తంభాల మీదుగానే రావాలి. మా పుస్తకాల్లో దీన్ని పాత్ డైవర్సిటీ అంటారు. ఆ మాట రాసి నాకు రెండు మార్కులు కూడా వచ్చాయి. ముప్పై మూడేళ్లు భూమి కిందికి దిగి వచ్చిన మనిషికి అది మార్కుల విషయం కాదు.

అప్పుడు కాగితం కింద ఇంకో గీత గీసి రాశాం. మొదటి దారి: లోకల్ ఆపరేటర్ ఫైబర్, 100 ఎంబీపీఎస్, మూడు నెలలకు. రెండో దారి: ఇంట్లో ఎవరికీ లేని కంపెనీ సిమ్ ఒకటి, పాత ఫోన్‌లో వేసి అక్క టేబుల్ మీద. కొనేముందు ఆ కంపెనీ సిగ్నల్ కొత్తింటి లోపలి గదిలో ఎట్లుందో చూడాలి, డాబా మీద కాదు. స్లాబ్ కింద, తలుపు వేసుకుని చూడాలి. రూటర్ హాల్లో పెట్టినా, అక్క గదికి గోడలోంచి వైరు వేయాలి. మేస్త్రీ ఇంకా ప్లాస్టరింగ్‌లోనే ఉన్నాడు కాబట్టి పైపు ఇప్పుడే పెట్టమని చెప్పాం. అందుకు ఆయన 300 అడిగాడు. గోడలు పూర్తయ్యాక అయితే ఎంత అడిగేవాడో.

అక్క కంపెనీకి మెయిల్ రాసింది. వైరు తెగిన రోజు కొన్ని గంటలు సిమ్ మీద పని చేయవచ్చా అని అడిగింది. ఇంకా జవాబు రాలేదు. వద్దంటే ఏం చేయాలో ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడటం లేదు. అమ్మ మాత్రం పాప బట్టలను రెండు సంచుల్లో వేరువేరుగా సర్దుతోంది.

గురువారం పాలు పొంగిస్తాం. శుక్రవారం పొద్దున లైన్‌మన్ వస్తానన్నాడు. అక్కకు సోమవారం రాత్రి షిఫ్ట్. బాపు మొన్న కొత్తింటికి పోయినప్పుడు లైన్‌మన్ నంబర్‌ను మీటర్ బోర్డు పక్కన, ఇంకా సున్నం వేయని గోడ మీద, పెన్సిల్‌తో పెద్దగా రాసి వచ్చాడు. సున్నం వేసేటప్పుడు అది చెరపొద్దని మేస్త్రీకి చెప్పాడట.