తాళము పడిన రిజిస్టరు

2017 మేలో వన్నాక్రై అను వైరస్ దాదాపు 150 దేశాలలో కంప్యూటర్లకు తాళము వేసినదని, ఆంధ్రప్రదేశ్ పోలీసువారి కంప్యూటర్లను సైతము విడిచిపెట్టలేదని పత్రికలలో చదివి, మా పల్లెకు దానితో పని యేమిటనుకొన్నాము.

2019లో మా వంతు వచ్చినది. కరెంటు బిల్లు అనుకొని ఈమెయిలులోని ఫైలును మేమే తెరిచాము. కొంతసేపటికి బాప్తిస్మముల పట్టిక, పెండ్లి రిజిస్టరు ఏవీ తెరచుకొనలేదు. బిట్‌కాయిన్లలో డబ్బు కట్టుమని తెరమీద బెదిరింపు.

కరీంనగర్‌లో కంప్యూటర్లు బాగుచేయు తమ్ముడికి ఫోను చేశాము. "అయ్యగారూ, ముందుగాల నెట్ వైరు పీకుండ్రి. పైసలు మాత్రం కట్టకుండ్రి, కట్టినా ఇస్తరని నమ్మకం లేదు" అన్నాడు. వైరస్‌ను తీసివేయుట అతనికి ఒక పూట పని. తాళము తీయుట వేరు. యూరోపోల్ మొదలగువారు 2016లో ఆరంభించిన 'నో మోర్ రాన్సమ్'లో కొన్ని రకాలకు తాళపుచెవులు ఉచితముగా దొరకును. మా రకానికి దొరకలేదు. ఎప్పటికైనా దొరకవచ్చునని ఆ ఫైళ్లను చెరిపివేయక వేరే డిస్కులో దాచాము.

2014 వరకు కాగితపు రిజిస్టరు ఉన్నది. కంప్యూటరు వచ్చినదని ఆ తరువాత వ్రాయుట మానినది మేమే. అందుచేత లక్షెట్టిపేట, జన్నారం చుట్టుపట్ల ఇంటింటికి తిరిగి సర్టిఫికెట్లు అడిగాము. ఒక అవ్వ ట్రంకుపెట్టె అడుగునుండి మనుమరాలి కాగితము తీసియిచ్చి, "ఈసారన్న పైలంగ రాసుకోండ్రి అయ్యగారూ" అన్నది. పదకొండు పేర్లు ఇంకను దొరకలేదు.