కారుకీ మేకప్ ఉంటుంది!

సినిమాలో తప్పులు పట్టడం మన కుర్రకారుకి వెన్నతో పెట్టిన విద్య. "గుమ్మం బయట నీలం చొక్కా, లోపలికి రాగానే తెల్ల చొక్కా! అదెలాగండీ?" అని నిలదీసేవాళ్లు ఎంతమందో! సినిమావాళ్లు దాన్ని కంటిన్యుటీ అంటారు. అంత చురుకైన కన్ను, సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేటప్పుడు మాత్రం ఎక్కడికి పోతుందో నాకు బోధపడదు. రంగు చూసి, స్టీరియో మోత విని, అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు.

మా పిన్ని కొడుకు కిందటేడు చిట్టీ పాడుకున్న మూడు లక్షలు పట్టుకుని బయల్దేరాడు. మరదలికి ఏడో నెల. ఆస్పత్రికి ఆటోలో తిప్పలేనన్నాడు. ఆ చిట్టీకి ఇంకా ఇరవై నెలలు కట్టాలి వాడు! కార్లు చూసిపెట్టడం నాకో సరదా కాబట్టి నన్ను తోడు రమ్మన్నాడు.

వెళ్లగానే నేను బానెట్ మీద అరచెయ్యి వేస్తాను. వెచ్చగా ఉందా, మనం వచ్చేలోపే ఓసారి స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను మొదటిసారి ఎలా లేస్తుందో చూస్తేనే దాని గుట్టు తెలిసేది. పొగ నీలంగా ఉంటే ఇంజనాయిల్ కాలుతోంది. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ లోపలికి కారుతోందేమోనని అనుమానించాలి. ఆయిల్ మూత తిప్పి చూడండి. దానికి మీగడలాంటిది అంటుకుని ఉంటే ఆ అనుమానం ఇంకాస్త బలపడ్డట్టే.

ఇక కంటిన్యుటీ. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. "ముప్పై వేలే తిరిగింది సార్" అంటాడు అమ్మేవాడు. టైర్లేమో నాలుగూ బండికంటే మూడేళ్లు చిన్నవి! ముప్పై వేలకే నాలుగు టైర్లూ అరిగిపోయాయా? బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు గాజులా మెరుస్తుంటే మీటరు మాట నమ్మకండి. లాప్‌టాప్ తగిలించి ఆ అంకెలు వెనక్కి తిప్పే ఘనులున్నారు. సర్వీసు చేసిన చోట రికార్డు అడగండి. అన్ని అద్దాల మీదా ముద్రించిన గుర్తులు ఒకే తీరున ఉండాలి. ఒక్కటి వేరుగా ఉంటే ఆ అద్దం ఎందుకు మార్చారో అడగాలి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు కొంచెం లాగి చూస్తే కంపెనీ వెల్డింగు చుక్కలు వరసగా కనిపిస్తాయి. అక్కడ గరుకుగా ఉంటే గట్టి దెబ్బే తగిలిందనుకోండి. అన్నట్టు, రాత్రిపూట ట్యూబులైట్ల కింద ఏ కారైనా హీరోయినే! పొద్దున ఎండలో చూడాలి.

విజయవాడలో మేం చూసిన మొదటి కారు తలుపు తియ్యగానే అత్తరు దుకాణంలో అడుగుపెట్టినట్టుంది. ఇంత పరిమళం ఎందుకబ్బా అనుకుని సీటుబెల్టు చివరిదాకా లాగాను. కింది అరగజం బురద చార.

"పిల్లలు జ్యూసు పోశారు సార్" అన్నాడు బ్రోకరు.

సీటు పట్టాల మీదా, స్టెప్నీ గుంటలోనూ తుప్పు. జ్యూసు అంతదూరం పారుతుందా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ ఊళ్లో ఎన్ని కార్లు మునిగాయో తెలియనిదెవరికి!

"రంగు బావుంది అన్నయ్యా, నలభై వేలు తగ్గిస్తానంటున్నాడు" అని నసిగాడు మావాడు.

"ఒరేయ్, వైర్లలోకి నీళ్లు దిగితే బండి ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలియాలి. ఎయిర్‌బ్యాగు వేళకి తెరుచుకుంటుందన్న నమ్మకమూ లేదు. అందులో ఎవర్ని కూచోబెడతావ్?" అన్నాను. వాడు మాట్లాడకుండా బయటికొచ్చేశాడు. ఆ సాయంత్రమంతా ముభావంగానే ఉన్నాడు పాపం.

పాత సినిమాలు చూసి అంబాసిడర్ మీదా, మారుతీ 800 మీదా మనసు పడేవాళ్లకో మాట. రెండూ 2014లోనే ఆగిపోయాయి. సరదా మంచిదే కానీ, పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ముందు మీ ఊరి మెకానిక్‌ని అడిగి, ఆ తర్వాత మనసు పారేసుకోండి!

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఆర్‌సీలోని ఛాసిస్ నెంబరు బండి మీద ఉన్నదాంతో అంకె అంకె సరిచూడండి. లోను మీద కొన్న బండైతే బ్యాంకువారి ఫారం 35 కావాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. పక్క రాష్ట్రం బండికి ఎన్‌ఓసీతోపాటు ఇక్కడ లైఫ్ ట్యాక్సు కూడా లెక్కేసుకోవాలి. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మీ పేరుకి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినాయనదే, మీకు రాదు.

ఆరో కారు ఓ రిటైరైన మాస్టారిది. ఎడమ తలుపుకి సొట్ట. "గేటుకి కొట్టానయ్యా, బాగుచేయించలేదు" అన్నారాయన. ఆ మాట విన్నాక నాకు సగం పరీక్షలు అక్కర్లేదనిపించింది, అయినా అన్నీ చేశాను. చలానాలు రెండు బాకీ తేలాయి. మాస్టారు నా ఎదురుగానే ఫోన్లో కట్టేసి, రసీదు చూపించి, అప్పుడు మావాడి చేతిలో తాళాలు పెట్టారు.